మూడు మిషిన్లకు ఒక్కటే ధూపం

మా డాబా మీద మా అత్తమ్మ వేసిన సాంబ్రాణి ధూపంతోని దేశంల మూడు పెద్ద పెద్ద పరిశోధన సంస్థలు ఒక్క మాట మీదికి వచ్చినయంటే మీరు నమ్మరు. చూడుండ్రి, అప్పుడే నవ్వుతున్నరు. పోయినేడు దసరా నాడు నాకైతే నవ్వు రాలేదు, మెట్ల మీద తల పట్టుకొని కూసున్న. ఛాయ్ తాగుకుంట వినుండ్రి, మొదటి నుంచి చెప్త.

మాది గోదావరిఖనిల కాలనీ మూలమలుపు క్వార్టర్. మా ఆయన మల్లేశం వర్క్‌షాపుల ఫిట్టరు. నేను డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ చెప్త. మా ఇంటి ముందట నుంచే బొగ్గు లారీలు రైలుకు బొగ్గు ఎక్కిచ్చే సైడింగుకు పోయేటియి. పొద్దుమాపు ఒకటే రాకడ పోకడ. తెల్ల చీర ఆరేస్తే మాపటికి బూడిద రంగు చీర మడతపెట్టాలె. బట్టల సంగతి ఎట్లన్న పోనీ, మా బిడ్డ స్వప్న అప్పుడు ఒకటో తరగతి. చలికాలం వచ్చిందంటే దానికి ఆయాసం. దవాఖానల మూతికి మాస్కు పెట్టుకొని అది మందు పొగ పీలుస్తుంటే పక్కన కూసున్న నాకు ఊపిరి ఆడది. ఆ లారీలు మా తొవ్వ విడిచి ఇంకో తొవ్వ పట్టాలె. నాకు వేరే కోరిక లేదు.

ఆఫీసులల్ల అడిగితే, "దుమ్ము ఉన్నది సరే, ఎంతున్నదో లెక్క కావాలె కదమ్మా" అనేటోళ్ళు. మా అత్తమ్మ దగ్గు లెక్కకు రాదు, మా స్వప్న ఆయాసం లెక్కకు రాదు. ఇగ ఏం లెక్క తెద్దుం?

గట్లాంటి టైముల ఢిల్లీ నుంచి ఒక పెద్ద కార్యక్రమం దిగింది. గాలి, నీళ్ళు, జబ్బులు, ఇసొంటి పెద్ద సమస్యల మీద దేశంల సంస్థలన్నీ ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు పరిశోధన చేస్తున్నయట. ఒకరు చేసిందే ఇంకొకరు మళ్ళ చేస్తరట, ఒకరి లెక్క ఇంకొకరికి పనికి రాదట. ఇగ గట్ల కాదు, అందరు కలిసి చెయ్యాలె, కలిసి ఒక దారి చూపియ్యాలె అని తీర్మానం చేసిన్రు. బొగ్గు ఊర్ల దుమ్ము సంగతి అందుల ఒకటి. మా ఊరికి మూడు సంస్థలు వచ్చినయి. కలకత్తా సారుది బొగ్గు చదువు, పుణె సారుది మిషిన్ల చదువు, హైదరాబాద్ మేడంది పిల్లల ఊపిరితిత్తుల చదువు. ఈ ముగ్గురి మీద ఢిల్లీ పెద్దసారు.

ముగ్గురి నడుమ ఏ సంస్థకూ చెందని మనిషి ఒకరు ఉండాలన్నరు. మా ప్రిన్సిపాల్ నా పేరిచ్చిండు. లోకల్ కోఆర్డినేటర్! ఏం చెప్పాలె, ఆ రోజు నా కాళ్ళు భూమ్మీద ఆనలేదు. మా ఆయన చౌరస్తా ప్రెస్సుకు పోయి నా పేరు మీద కార్డులు కొట్టిచ్చుకొచ్చిండు. కూరగాయలమ్మే ఆమెకు గూడ ఒకటిచ్చిన.

కోఆర్డినేషన్ అంటే ఏందో మొదటి వారంలనే తెలిసొచ్చింది. ముగ్గురికీ బడి మీది డాబానే కావాలె. ముగ్గురూ వేరువేరుగ ఫోన్ చేస్తరు, ముగ్గురూ చివరికి "మిగతా ఇద్దరికి చెప్పకండి" అంటరు. మిషిన్ ఎత్తు మీద పెట్టాలంటడు కలకత్తా సారు. మనిషి ముక్కు ఎంత ఎత్తుల ఉంటదో గంత ఎత్తుల పెట్టాలంటడు పుణె సారు. "మనిషి ముక్కు కాదండీ, పిల్లల ముక్కు" అంటది మేడం. ముగ్గురు ఆడబిడ్డలను ఒక్క బంతిల కూసోబెట్టి వడ్డించినట్టయింది నా పని.

మిషిన్ అంటే పెద్ద విడ్డూరమేం కాదు. కూలరంత డబ్బా, దాని మీద ఒక మూతి. ఆ మూతితోని గాలి గుంజుకుంటది. లోపల తెల్లటి ఫిల్టర్ కాగితం ఉంటది, దుమ్మంత దాని మీద పడ్తది. రోజూ కాగితం మార్చాలె. కాగితం ఎంత బరువు పెరిగితే గాలిల గంత దుమ్మున్నట్టు. ఎవరి మిషిన్ వాళ్ళు కాలనీల ఒక్కో మూలకు పెట్టుకున్నరు, ఎవరి కాగితాలు వాళ్ళు తమ ఊరికి తీసుకపోయి తూచుకున్నరు. కలకత్తా లెక్క చూస్తే మేమింకా బతికుండుడే గొప్ప. పుణె లెక్క చూస్తే మా ఊరికి గాలి మార్పు కోసం జనం రావచ్చు. మేడం లెక్క ఆ రెండింటి నడుమ ఊగుతున్నది.

ఢిల్లీ పెద్దసారుకు ఒళ్ళు మండింది. కమ్యూనిటీ హాల్ల మీటింగు పెట్టిచ్చిండు, కాలనీ వాళ్ళను గూడ పిలిచిండు. హిందీల చెప్పిండు, మనకు మస్తుగ అర్థమయింది. "ఒక వారం మూడు మిషిన్లను పక్కపక్కన పెట్టండి. ఒక్క గాలి పీల్చినవి ఒక్క మాట చెప్పాలి. చెప్తే ఈ కాలనీనే మా సెంటర్. సెంటర్ అయిన చోట లారీలను మట్టిగుట్ట వెనక దారికి మళ్ళించి, ముందు దుమ్మెంత, తర్వాత ఎంత అని చూస్తాం. దానికి బొగ్గు కంపెనీ ఒప్పుకుంది. మూడు మాటలు చెప్పాయా, ఒడిశాలో ఇంకో ఊరు కాచుకొని ఉంది."

అందరు నా దిక్కు చూసిన్రు. నేను లేచి నిలబడి, "మీరెవ్వరు ఫికర్ పడకుండ్రి, నేనున్న కదా" అన్న. చప్పట్లు కొట్టిన్రు. మా పక్క క్వార్టర్ రమాదేవి గారు, వాళ్ళది గుంటూరు దిక్కు, "మీరుండగా మాకేం భయమండీ" అని నా చెయ్యి పట్టుకున్నది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోరు నన్ను ముంచేది అని నాకు అప్పుడు తెల్వలేదు.

బడికి దసరా సెలవులు, తాళమేసిన్రు. కాబట్టి మిషిన్లు మా డాబా మీదికే వచ్చినయి. మూడింటిని వరుసగ నిలబెట్టినం. ఇగ నాకు కరెంటు ఫికర్ పట్టుకున్నది. కొంచెం సేపు మిషిన్ ఆగితే ఆ కొంచెం సేపు లెక్కల నుంచి తీసేస్తరట. మాటిమాటికి ఆగితే మాత్రం వారం వారమే పాడు. నేనే పుణె సారు వెంటపడి మూడింటికీ బ్యాటరీలు పెట్టిచ్చిన. ఇగ కరెంటు పోయినా మిషిన్‌కు తెల్వనే తెల్వదు, తన పని తాను చేసుకుంటనే ఉంటది. "వెరీ ప్రాక్టికల్, మేడం" అన్నడు పుణె సారు. ఆ మాట మా ఆయనకు కనబడ్డప్పుడల్ల చెప్పిన.

పండుగ దగ్గరికి వచ్చింది. కలకత్తా సారుకు దుర్గాపూజకు ఇంట్ల లేకపోతే నడవదట. పుణె సారుకు పిల్లలు యాదికొచ్చిన్రు. మేడం గూడ సూట్‌కేస్ సదిరింది. పోయేటప్పుడు ముగ్గురు ఒక్కటే మాట, "మీరున్నరు కదా." రోజూ పొద్దుగాల కాగితం మార్చుడు, పాతది కవర్ల పెట్టి మూసుడు, ఎవ్వరిని మిషిన్లకు ముట్టనియ్యకుండుడు నా డ్యూటీ.

దసరా పొద్దుగాల మా ఇంట్ల ఏమైతదో తెలుసు కదా. ఇంట్ల ఎంత ఇనుమున్నదో గంతకు పూజ. మా అత్తమ్మ తలస్నానం చేసి పళ్ళెంల పసుపు, కుంకుమ, గంధం పెట్టుకొని బయలుదేరింది. స్కూటర్, కుట్టు మిషిను, మా ఆయన పానాల పెట్టె, మిక్సీ, కుక్కర్, కత్తిపీట. స్వప్న తన చిన్న సైకిల్ తోసుకొచ్చి నిలబెట్టింది, దానికీ మూడు బొట్లు. తర్వాత అత్తమ్మ చీర కొంగు దోపుకొని డాబా మెట్ల దిక్కు తిరిగింది. నేను అడ్డం పోయిన.

"అత్తమ్మా, వాటిని ముట్టుకోవద్దు."

"ముట్టుకుంటే ఏమైతది?"

"లెక్క తప్పుతది."

"స్కూటర్‌కు బొట్టు పెడ్తే మైలేజీ తప్పిందా?"

"అవి పరాయోళ్ళవి అత్తమ్మా."

"పరాయియి అయితే ఏంది? మన ఇంట్ల దిగినయా లేదా? ఇంటికొచ్చిన సుట్టాన్ని ఎండల నిలబెట్టి మనమే పండుగ చేసుకుంటమా?"

నేను ఇంకేదో అనబోయిన. ఆమె పళ్ళెం కింద పెట్టింది. "సుజాతా, పిల్ల దగ్గు పోవాలంటే గీటి మీదనే ఉన్నదని నువ్వే చెప్తివి. గంత పెద్ద పని చేసేదానికి గింత బొట్టు పెట్టొద్దా?"

చదువుకున్న బుద్ధి వద్దంటనే ఉన్నది, తల్లి పాణం పెట్టుమంటున్నది. అప్పుడు మా ఆయన నడుమల వచ్చి, "వర్క్‌షాపుల గూడ మిషిన్ బంద్ చేసినంకనే పూజ చేస్తరు. గట్లనే చేద్దం. కొంచెం సేపు బంద్ పెడితే ఏమైతది, నువ్వే చెప్తివి కదా, గా టైం లెక్కల నుంచి తీసేస్తరని" అన్నడు.

నాకు ఈ మాట నచ్చింది. నేను కెమిస్ట్రీ దాన్ని, అన్ని ఆలోచించే ఆర్డర్ వేసిన. ప్లగ్గులు తియ్యాలె. మూడు మూతులకు శుభ్రమైన తెల్ల గుడ్డలు కట్టాలె. బొట్టు డబ్బా అడుగున పెట్టాలె, మూతికి దూరంగ. పూజ అయినంక గుడ్డలు విప్పి, ప్లగ్గులు పెట్టాలె. గింత పక్కా ప్లానుకు ఏ సైంటిస్టు వంక పెడ్తడు చెప్పుండ్రి?

నేనే దగ్గరుండి చేయిద్దునేమో. గారెల పిండి రుబ్బి పెట్టి ఉన్నది, నూనె పొయ్యి మీద కాగుతున్నది. కింద వంటింట్ల నుంచే డాబా మీదున్న మా ఆయనను అరిచి అడిగిన.

"ప్లగ్గులు తీసిన్రా?"

"తీసిన."

"గుడ్డలు కట్టిన్రా?"

"కట్టిన, కట్టిన."

సంబురంగ గారెలు వేసుడు మొదలుపెట్టిన. ఇంతల మెట్ల మీద చెప్పుల సప్పుడు. మా ఆయన దోస్తులు వర్క్‌షాప్ నుంచి వచ్చిన్రు. డంపర్లకు ధూపం వేసే ఇనుప మూకుడు పట్టుకొచ్చిన్రు, మన తట్టంత ఉంటది. రమాదేవి గారు గుమ్మడికాయ పట్టుకొని వచ్చింది. ఎనక నుంచి వాడకట్టు ఆడోళ్ళంత. లారీలు పోయేది ఈ మూడు మిషిన్ల మీదనే ఉన్నదని నేనే కదా అందరికీ చెప్పింది. పక్క గల్లిల దుర్గమ్మ మండపం మైకు ఆకాశం పగులుతున్నట్టు మోగుతున్నది. అరిస్తే గాని మాట వినబడదు.

సగం గారెలు అయినయో లేదో, అత్తమ్మ దబదబ దిగొచ్చింది. మొకం వెలిగిపోతున్నది.

"సుజాతా, నీ మిషిన్ల మహిమ ఉన్నదే. ధూపం వేస్తే పొగ అటు పోలె, ఇటు పోలె, సక్కగ మూతులల్లకే పోతున్నది. దేవుడే కూసొని పీల్చినట్టు."

నా చేతిల జల్లిగరిటె ఆగిపోయింది. "మూతులకు గుడ్డలు ఉన్నయి కదా అత్తమ్మా?"

"నేనే విప్పిన. పూజ చేసేటప్పుడు మొకానికి గుడ్డ కడ్తరా ఎవరన్న?"

"ప్లగ్గులు తీసిన్రు కదా!"

"తీసిన్రు. కరెంటు లేకుండనే పీలుస్తున్నయి. అందుకే కదా మహిమ అంటున్న."

అప్పుడు యాదికొచ్చినయి నాకు బ్యాటరీలు. వెరీ ప్రాక్టికల్ మేడం ఏర్పాటు చేయించిన బ్యాటరీలు. పొయ్యి బంద్ చేసిన్నో లేదో గూడ గుర్తులేదు, మెట్లెక్కి ఉరికిన.

పైన ఏం చూసిన్నంటే, మూడు మిషిన్లకు నిలువెత్తు పసుపు, కుంకుమ, మెడల బంతిపూల దండలు, దండకొక నిమ్మకాయ. ముందట మూకుడు నిండ నిప్పులు. దాని నుంచి లేసిన పొగ మూడు పాయలై మూడు మూతులల్లకు పోతున్నది. జనం చేతులు జోడిచ్చి నిలబడ్డరు. మహిమ చూసి వాడకట్టు వాడకట్టంత ఇండ్లకు పోయి ఎవరి అగరుబత్తులు వాళ్ళు తెచ్చిన్రు. ఒకామె పసుపు చిటికెడు చిటికెడు మూతి ముందట విసిరి, అది లోపలికి పోతుంటే దండం పెడ్తున్నది. దోస్తులు "వదినె వచ్చింది, జరుగుండ్రి, వదినెను చూడనియ్యుండ్రి" అంటుంటే, మా ఆయన మూకుట్ల ఇంకో పిడికెడు సాంబ్రాణి వేసి నవ్వుకుంట నా దిక్కు చూసిండు.

మండపంల ఒక పాట అయిపోయి మైకు ఆగింది. ఆ సందుల మూడు మిషిన్లు గుర్రుమని మోగుడు అందరికీ వినబడ్డది. రమాదేవి గారు కండ్లు తుడుచుకొని, "చూశారా, సంతోషంతో మూలుగుతున్నాయి" అన్నది.

నేను ఒక పక్కకు జరిగి నిలబడ్డ. ఏమని అంటరు? వాళ్ళంత నా బిడ్డ కోసం, వాళ్ళ పిల్లల కోసం మొక్కుతున్నరు. అందరు గారెలు తిని పోయినంక మిషిన్లు తెరిచి చూసిన. తెల్లటి కాగితాలు మూడూ కాచిన నెయ్యి రంగుకు తిరిగినయి, నడుమ పసుపు చారలు. వాసన చూస్తే గుడి వాసన. కాగితాలను కవర్లల్ల పెట్టి మెట్ల మీద కూసున్న. మా ఆయన పక్కకొచ్చి కూసొని అడిగిండు.

"నిన్నటి కాగితాలే ఇయ్యాళ్టియని ఇస్తే ఎట్లుంటది?"

"దొంగ లెక్క ఇస్తే ఇగ దుమ్మెంతున్నదని చెప్పినా ఎవరు నమ్ముతరు?"

నాకు ఏడుపొచ్చింది. కాలనీ అందరి ముందట "నేనున్న కదా" అన్న దాన్ని. స్వప్న కింద సైకిల్ మీద కూసొని దగ్గుతున్నది.

చెప్పుడే మేలని ఫోన్ తీసిన. ముందు కలకత్తా సారుకు. అటు దిక్కు డోలు సప్పుడు. జరిగింది హిందీల, ఇంగ్లీషుల, సాంబ్రాణికి హిందీ మాట తోచక నడుమ నడుమ తెలుగుల చెప్పిన. ఆయన అంత విని, "నా ఫిల్టర్ ఏ రంగుంది?" అన్నడు.

"పసుపు పచ్చ, సార్."

"పుణె వాళ్ళది?"

"గదే రంగు."

"హైదరాబాద్‌ది?"

"గదే."

"అయితే ఇబ్బందేం లేదు. మీ ఇంట్లో అందరికీ పూజ శుభాకాంక్షలు" అని పెట్టేసిండు.

పుణె సారుకు చేసిన. "నాదొక్కటే పాడైందా?" అన్నడు. మూడూ అని చెప్పంగనే, "అమ్మయ్య, పండగ పూట ఎంత భయపెట్టారు" అన్నడు. ఇగ మేడం. ఆమె అన్న మాట ఇది, "సుజాతగారూ, నిజం చెప్పండి, మిగతా ఇద్దరి కాగితాలకంటే నాది ఎక్కువ నల్లబడిందా?"

"లేదు మేడం, మూడూ ఒక్క తీర్గనే ఉన్నయి."

"అంతే కదా. మరి ఏడుస్తారేం?"

ఎట్ల ఏడ్వకుండ ఉంటరు? తమ ఒక్కరి మిషినే పాడు కాలేదు గదా అని ముగ్గురు నిమ్మళంగ ఉన్నరు. మా కాలనీ ఏమైతదని ఒక్కరన్న అడుగుతరేమో అనుకున్న. అందరిది మునిగితే అది వరద, మనొక్కరిది మునిగితే అది తప్పు. గా ఫిలాసఫీ ఆ రోజు నేర్చుకున్న.

పండుగ పోయింది. ముగ్గురు వచ్చి తమ తమ కాగితాలు తీసుకపోయి తూచుకున్నరు. లెక్కలు ఢిల్లీకి పోయినయి. ఆ నడుమ రోజులు నేను ఎట్ల గడిపిన్నో నాకే తెలుసు. చలి మొదలైంది, స్వప్నను రెండుసార్లు దవాఖానకు తీసుకపోయినం. వాడకట్టు ఆడోళ్ళు ఎదురుపడితే, "పూజ గట్టిగ చేసినం కద అక్కా, ఇగ తిరుగులేదు" అంటరు. నేను అవును అని తలూపి ఇంట్లకు పోయి తలుపేసుకునేదాన్ని.

గెస్ట్‌హౌస్‌ల మీటింగ్. పెద్దసారు గోడ మీద బొమ్మ చూపిచ్చిండు. వారం రోజుల లెక్క, మూడు రంగుల మూడు గీతలు. మొదటి నుంచి మూడు గీతలు ఒకదానికొకటి ఎడమొకం పెడమొకం పెట్టుకొని పోతున్నయి. దసరా నాడు మాత్రం మూడూ ఒక్కసారే గుట్టెక్కి, అదే చోట, అదే ఎత్తుల, ఒకదాని మీదొకటి కూసున్నయి. మూడు రంగులు కలిసి ఒక్క గీతే కనబడుతున్నది.

"ఈ రోజు ఏం జరిగింది?" అన్నడు పెద్దసారు.

ముగ్గురు సైంటిస్టులు నా దిక్కు చూసిన్రు. వాళ్ళు ముగ్గురు కలిసి ఒక్క పని చేసుడు నేను చూసింది అదే మొదటిసారి.

లేచి నిలబడ్డ. "సార్, అది దుమ్ము కాదు, ధూపం" అన్న. ఇగ దాచేది ఏమున్నది, బ్యాటరీలు, గుడ్డలు, గారెలు, గుమ్మడికాయ, పసుపు, అంత చెప్పిన. చివరికి, "తప్పు నాది సార్, కాలనీది కాదు. నన్ను తీసేయుండ్రి, కాలనీని తీసెయ్యకుండ్రి" అన్న.

పెద్దసారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. కోపానికొచ్చిండనుకున్న. చూస్తే భుజాలు ఊగుతున్నయి. నవ్వీ నవ్వీ కండ్ల నీళ్ళు తుడుచుకొని ముగ్గురి దిక్కు తిరిగిండు.

"నేను అడిగిందేంది? ఒక్క గాలి పీల్చి ఒక్క మాట చెప్తాయా లేదా అని. దుమ్మా ధూపమా అని అడిగానా? మూడు మిషిన్లూ బాగున్నాయని ఈ మేడం అత్తగారు తేల్చేసింది. ధూపమంత బరువు పడ్డ రోజు కనబడక, కొంచెం దుమ్మున్న రోజు కనబడే చిన్న తేడాలు మిషిన్లవి కావు, మీ మూడు ఊళ్ళలో మూడు తక్కెళ్ళవి. ఇవాళ్టి నుంచి కాగితాలన్నీ ఒక్క చోటే తూచాలి."

"మా దగ్గర" అన్నరు ముగ్గురు, ఒక్కసారే.

పెద్దసారు వాళ్ళను చూడలేదు, నన్ను చూసిండు. "మీ కాలేజీ ల్యాబ్‌లో తక్కెడ ఉంది కదా, మేడం?"

ఉన్నది. పాతదే గని, బంగారం లాంటిది. ఇగ మా కాలనీ సెంటర్ అయింది. లారీలు మట్టిగుట్ట వెనక తొవ్వకు మళ్ళినయి. మళ్ళిన మొదటి పొద్దుగాల సప్పుడు లేక మా అత్తమ్మ భయపడి లేచి కూసున్నది. దుమ్ము తగ్గుడు కాగితాల మీద కనబడ్డది, మూడు కాగితాల మీద ఒక్క తీర్గ. కంపెనీ ఆ తొవ్వనే ఉంచేసింది. ఈ చలికాలం స్వప్న దవాఖాన మెట్లెక్కలేదు. నాకు ఆ సంతోషం ఎంతంటే, అది అల్లరి చేసి అరుస్తుంటే గూడ తిట్టబుద్ధి కాదు, ఊపిరి మంచిగున్నదని వింటుంట.

పేరు మాత్రం నాకు రాలేదు. లారీలను తోలింది పూజేనని వాడకట్టంత తీర్పు ఇచ్చేసింది. ఆ ముచ్చట కాలేజీ దాక పోయింది. మొన్న డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష. పరీక్ష మొదలైనంక ల్యాబ్‌కు పోయి చూద్దును గదా, నా తక్కెడకు ముందట కొబ్బరికాయ, మీద బంతిపువ్వు, కుడి పళ్ళెం అడుగున దట్టంగ గంధం, గంధం మీద కుంకుమ. దేశం కాగితాలు అదివరకే తూచి పంపిన కాబట్టి దేశం బతికిపోయింది, నా పిల్లలు మాత్రం అప్పటికే అందరు ఆ పళ్ళెంలనే గంధం బరువుతో సహా తూచేసిన్రు.

"ఎవర్రా చేసింది?" అన్న.

"మీరు చేస్తే లారీలే పోయినయి కద మేడం, మాకు పాస్ మార్కులు రావా?"

తిడ్దామని నోరు తెరిచిన. నా బిడ్డ ఊపిరి ఒక బొట్టుకు రుణపడి ఉన్నదాయె, ఏ నోటితోని తిడుదును? తడిగుడ్డ తెచ్చి గంధం తుడిచిన.

మాపటికి కరీంనగర్ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు పేపర్లన్నీ ముందట పరుచుకొని నన్ను పిలిచిండు. "ఏం మేడం, మీ పిల్లలందరి జవాబు తప్పే. అందరిదీ ఒక్క తీర్గనే తప్పు. కాపీ కొట్టిచ్చిన్రా?"

"కాపీ కాదు సార్, కోఆర్డినేషన్" అన్న.

సారు నవ్వలేదు.